కుంచము ఎవరి చేత నుండవలెను?

కొలత లేని వ్యవహారము లోకమున లేదు. ధాన్యమునకు కుంచము కలదు. భూమికి గొలుసు కలదు. అప్పునకు చిట్టా కలదు. ఐతే ఒక వ్యాపారము నేడు లాభముతో నడచుచున్నదా యని కాక, పదియేండ్ల పిమ్మటను ఇరువదియేండ్ల పిమ్మటను కూడ నడువగలదా, తన క్రింది నీటిని తానే త్రాగివేసి తన నేలను తానే చెరచుకొనుచున్నదా యని తెలిసికొనుటకు కుంచ మేది?

హైదరాబాదు నగరపు పడమటి భాగమున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మున్నగు తావులలో విస్తరించిన హైటెక్ సిటీ కంపెనీలవారు నేడు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన వారై యున్నారు. వారి గొడవతో నాగలి పట్టిన మనకేమి పని యని చదువరులు తలంపవచ్చును. పని కలదు. ఆ కొలత మన పొలముగట్టు దాటి వచ్చుచున్నది. అది వచ్చునాటికి కుంచము మన చేత నుండునా, పరుల చేత నుండునా యనునదియే మేము విచారింప దలచిన విషయము.

ముందు ఈ నిలుకడ యనగా నేమో చెప్పుకొందము. నేటి పత్రికలలో దీనిని సుస్థిరత యందురు. 1987లో ఐక్యరాజ్యసమితి పక్షమున బ్రుంట్‌లాండ్ గారి అధ్యక్షతను పనిచేసిన సంఘము దీనికొక అర్థము చెప్పెను: రాబోవు తరములవారు తమ అవసరములు తీర్చుకొను శక్తికి లోపము రాకుండ నేటివారు తమ అవసరములు తీర్చుకొనుట. ఇంటిలో ఎంత ఇబ్బంది యున్నను విత్తనపు గాదెపై చేయి వేయని రైతు ఇల్లాలికి ఈ ధర్మము ఎవ్వరును నేర్పనక్కరలేదు. అప్పు చేసి పప్పుకూడు తినుట యెట్టిదో మన పెద్దలెరుగుదురు. ఐతే ధర్మ మెరుగుట వేరు, దానిని అంకెలలోనికి దించుట వేరు. రెండవ పనిని మనకంటె ముందుగా కంపెనీలవారు మొదలిడిరి.

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారు మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. పిమ్మట ఆ ప్రాంతపు బండల నడుమను మెట్టభూముల మీదను గాజు మేడలు వరుసగా లేచినవి. దేశదేశముల కంపెనీల జమాఖర్చులు, జీతముల పట్టీలు, బీమా దరఖాస్తుల పరిశీలన, కంప్యూటరు ప్రోగ్రాముల రచన అచట జరుగుచుండును. చూచువారికి అచట పొగగొట్టము కానరాదు, మురికి కాలువ కానరాదు. కాగితముల మీది పనికి ప్రకృతితో తగవేమి యని తోచును. కాని దూరపు కొండలు నునుపు.

కొంచెము దగ్గరకు పోయి చూతము. కంప్యూటరు యంత్రములు రేయింబవళ్లు విద్యుత్తు త్రాగును. త్రాగిన విద్యుత్తు వేడియై వెడలును. ఆ వేడిని పోగొట్టుటకు మరల విద్యుత్తు కావలెను. కరెంటు పోయినచో డీజిలు జనరేటర్లు తిరుగును. ఉద్యోగులు ఉదయ సాయంకాలములు కార్లలోను, బస్సులలోను, 2019 మొదలు మెట్రో రైలులోను రాకపోకలు చేయుదురు. ఇక నీరు. హైదరాబాదు నగరము తాను త్రాగు నీటిలో పెద్ద భాగమును నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి, కృష్ణ నుండియు గోదావరి నుండియు, మోటార్లతో ఎత్తి తెచ్చుకొనుచున్నది. గాజు మేడలో కుళాయి త్రిప్పిన యువకునికి ఆ నీటి వెనుకనున్న విద్యుత్తు కనబడదు. ఆ మేడ గేటులోని మీటరును దానిని చూపదు.

ఇట్టి కనబడని ఖర్చులను పట్టుకొనుటకు ఒక పద్ధతి ఏర్పడినది. 2001లో ప్రకటింపబడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అను నియమావళి కంపెనీ వెలువరించు కర్బన వాయువులను మూడు పద్దులుగా వ్రాయుమని చెప్పుచున్నది. దీనిని బియ్యపు మిల్లును బట్టి తెలిసికొనుట సులభము. మిల్లు తన బాయిలరులో తానే కాల్చు ఇంధనము మొదటి పద్దు. తాను కొనిన విద్యుత్తు కొరకు ఎక్కడనో విద్యుత్కేంద్రమున కాలిన బొగ్గు రెండవ పద్దు. ధాన్యము పండుటకు వేసిన ఎరువు, తెచ్చిన లారీ, బియ్యము చేరవేసిన బండి, కూలీల రాకపోక, ఇట్టివన్నియు మూడవ పద్దు. మొదటి రెండును తేలికగా తేలును. మూడవది తేల్చుట కష్టము; మిల్లు యజమాని వ్రాయుటకు వెనుకాడునదియు అదియే. హైటెక్ సిటీలోను ఇదియే తీరు.

ఐనను కొలత చక్కగా జరిగిన తావును ముందు చెప్పుట న్యాయము. పడమటి హైటెక్ సిటీ నుండి నగరమును దాటి తూర్పునకు పోయి, వరంగల్లు బాటలో పోచారమున ఇన్ఫోసిస్ కంపెనీవారి ఆవరణ చూడవలెను. 2011లో వాడుకకు వచ్చిన ఒక భవనమును వారు సరిగా రెండు సమభాగములుగా కట్టిరి. గోడలొకటే, కిటికీలొకటే, పనివారి సంఖ్యయు ఇంచుమించు సమానమే. ఒక భాగమును మామూలు ప్రకారము చల్లగాలి విసరు యంత్రములతో చల్లబరచిరి. రెండవ భాగమున సిమెంటు కప్పులలో గొట్టములు పరచి చల్లని నీటిని ప్రవహింపజేసి చల్లబరచిరి. వేరువేరు మీటర్లు పెట్టి రెండేండ్లు లెక్క వ్రాసిరి. చల్లబరచుటకు పట్టిన విద్యుత్తు నీటిగొట్టముల భాగమున 34 శాతము తక్కువయని తేలెను. మొదటి భాగపు యంత్రములు నాసిరకపువి కావు, శ్రద్ధతో అమర్చినవే యని గూడ గమనింపవలెను.

రైతులకు ఇది క్రొత్త పద్ధతి కాదు. ఒకే మడిని రెండుగా పంచి, ఒక సగమున పాత విత్తనము, ఒక సగమున క్రొత్త విత్తనము చల్లి, నూర్చిన పిమ్మట వేరువేరుగా తూచుట మనలో వివేకులు చేయుచున్న పనియే. ఆ భవనము గొప్పదనము గాజులో లేదు, గొట్టములలో లేదు. పోల్చుటకు తగిన రెండవ సగము నుంచుకొనుటలో నున్నది. పోలిక లేని కొలత పొగడ్త యగును గాని లెక్క కాదు.

ఇక చట్టము మాట. 2021లో సెబీ, అనగా దేశములోని వాటాల మార్కెట్టును పర్యవేక్షించు బోర్డు, కంపెనీలు ఏటేట తమ బాధ్యతను గూర్చియు నిలుకడను గూర్చియు నివేదిక సమర్పింపవలెనని నిర్ణయించినది. 2022–23వ సంవత్సరము నుండి మార్కెట్టులో నమోదైన మొదటి 1000 కంపెనీలకు ఇది తప్పనిసరి యైనది. విద్యుత్తు, నీరు, వ్యర్థములు, కర్బన వాయువులు, పనివారి క్షేమము, చిన్న ఉత్పత్తిదారుల నుండి చేసిన కొనుగోలు, ఇన్నియు అందు చూపవలెను. ముఖ్యమైన అంకెలను బయటి పరిశీలకులచే సరిచూపించుకొను నిబంధన 2023లో చేరినది. మన సంఘముల లెక్కలకు ఏటేట తనిఖీ యున్నట్లే వారికిని తనిఖీ వచ్చినదన్నమాట. ఇది మంచి పని. ఐతే హైటెక్ సిటీలోని పెక్కు కార్యాలయములు పరదేశపు కంపెనీల శాఖలు. మన మార్కెట్టులో నమోదు కానివి. అట్టివి ఈ నిబంధన క్రిందికి నేరుగా రావు.

అంకెలు వ్రాయుటతో పని తీరదు. అంకెను దేనితో భాగించుచున్నారని అడుగవలెను. నివేదికలలో మొత్తపు వాడకముతో పాటు, అమ్మకపు రూపాయి ఒక్కింటికి ఇంత విద్యుత్తు, ఇంత నీరు అని చూపుట వాడుక. ప్రకటనలలో పెద్దయక్షరములతో కనబడునది సామాన్యముగా ఈ రెండవ అంకెయే. ఇందలి చిక్కు ఒక ఉదాహరణముతో తెలియును. ఒక రైతు ఒక కారున 100 గంటలు మోటారు నడిపి 50,000 రూపాయల ధాన్య మమ్మెననుకొందము. వేయి రూపాయలకు 2 గంటలు. మరుసటి కారున ధర పెరిగి 75,000 రూపాయలు వచ్చెను. మోటారు 120 గంటలు నడచెను. వేయి రూపాయలకు 1.6 గంటలే. కాగితము మీద పొదుపు కనబడును. బావిలో నీరు మరింత క్రిందికి దిగును. బావికి రూపాయల లెక్క తెలియదు. కావున నిలుకడను కొలుచువారు మొత్తమును గూడ అంత పెద్దయక్షరములతోనే వ్రాయవలెనని మా అభిప్రాయము.

ఒకే కొలతను నమ్ముకొనుటలో మరియొక చిక్కు కలదు. 2022లో అమెజాన్ కంపెనీవారు హైదరాబాదు ప్రాంతమున తమ డేటా కేంద్రములను వాడుకలోనికి తెచ్చిరి. మైక్రోసాఫ్ట్ కంపెనీవారు ఆ యేడే ఇచట డేటా కేంద్రములు నెలకొల్పుదుమని ప్రకటించిరి. ఇట్టి కేంద్రముల సామర్థ్యమును కొలుచుటకు లోకమంతట వాడుకలో నున్నదొక నిష్పత్తి: కేంద్రమునకు పట్టిన మొత్తము విద్యుత్తును, యంత్రములు తమ పనికి వాడుకొనిన విద్యుత్తుతో భాగించుట. ఫలితము 1కి ఎంత చేరువైన అంత మేలు. కాని నీటిని ఆవిరి చేసి యంత్రములను చల్లబరచినచో విద్యుత్తు తగ్గి ఈ నిష్పత్తి చక్కబడును; ఆవిరియైన నీరు అందు లెక్కకు రాదు. మన ప్రాంతమున విద్యుత్తు కొరతయా, నీటి కొరతయా యని విచారింపక ఈ యొక్క కొలతనే పట్టుకొన్నచో, ఒక జేబులోనిది తీసి మరియొక జేబులో వేసి లాభము వచ్చినదని సంతసించుట యగును.

మూడవ చిక్కు గట్టును గూర్చినది. మాదాపూరు చెంతనే దుర్గము చెరువు కలదు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన చెరువది. పట్టణము పెరిగి చుట్టును మేడలు లేచిన పిమ్మట మురుగు చేరి, గుర్రపుడెక్క అలుముకొని, ఆ చెరువు బాధలు పడినది. 2020లో దాని మీద తీగల వంతెన వెలసి, చూడవచ్చువారు పెరిగిరి గాని, చూపునకు ఇంపైనంత మాత్రమున నీరు త్రాగుటకు తగినది కాదు. చుట్టునున్న ఒక్కొక్క కార్యాలయపు నివేదిక విడివిడిగా సరిగానే యుండవచ్చును. తన ప్రహరి లోపలి నీటిని శుద్ధిచేసి చెట్లకు పెట్టితినని ప్రతివాడును వ్రాయవచ్చును. కాని చెరువునకు నివేదిక లేదు. అందరి గట్లకును వెలుపల నున్నది ఎవరి చిట్టాలోను చేరదు. ఊరిమీద ఊరు పడినను కరణముమీద కాసు పడదని మనవారనుట ఇందులకే. వ్యాపారపు నిలుకడను కొలువ దలచిన, గేటు వద్ద ఆగక, చెరువు వరకు పోయి కొలువవలెను.

ఇప్పుడు మన విషయమునకు వత్తము. తమ వాయువుల లెక్కలో మిగిలిన భాగమును సరిపెట్టుకొనుటకు కంపెనీలు పల్లెలవైపు చూచుచున్నవి. పైన చెప్పిన ఇన్ఫోసిస్ వారు 2020లో తమ కర్బన లెక్క సరితూగినదని ప్రకటించిరి. గ్రామ కుటుంబములకు గోబరు గ్యాసు తొట్లు, పొగ తక్కువగు పొయ్యిలు సమకూర్చిన పథకములు ఆ తూకమున ఒక భాగము. పల్లెటూరి వంటింట తగ్గిన పొగ పట్టణపు కంపెనీ జమలో చేరినదన్నమాట. ఇందు తప్పు లేదు. ఇల్లాలి కండ్లకు మేలే జరిగినది. 2023లో కేంద్ర ప్రభుత్వము కర్బన పరపతుల క్రయవిక్రయములకు ఒక పథకమును ప్రకటించినది. వరిమడిలో నిరంతరము నీరు నిలుపక మధ్యమధ్య ఆరగట్టినచో మీథేను వాయువు తగ్గునని శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. కావున తగ్గిన వాయువును మా పేర వ్రాసియిండు, ఎకరమునకు ఇంత ఇత్తుమని అడుగువారు మన గడపలకు వచ్చు దినములివి.

అప్పుడు ఎంత తగ్గినదని కొలుచువా రెవరు? మార్కెట్టు యార్డులో కాటా పరుని చేత నున్నప్పుడు మన బస్తా ఏమయ్యెడిదో రైతులకు మేము వ్రాసి చెప్పవలెనా? తరుగు, తాలు, తేమ యని మూడు మాటలతో మూడు కిలోలు పోయెడివి. సహకార విక్రయ సంఘములు పుట్టుటకు గల కారణములలో కాటా ఒకటి. వాయువు కంటికి కనబడనిది; దానిని తూచు కాటా మరింత కనబడనిది. మన వద్ద మన లెక్క లేనిచో, వారి లెక్కకు తల యూపుట తప్ప గత్యంతరము లేదు.

రైతులకు ఇట్టి కొలతలు చేతనగునా యని సందేహింపనక్కరలేదు. చేసి చూపినారు. 2003 తరువాతి సంవత్సరములలో నాటి ఆంధ్రప్రదేశమున అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, నల్లగొండ, మహబూబ్‌నగరు అను ఏడు కరవు జిల్లాలలో, ఆరువందలకు పైగా పల్లెలలో, రైతులే భూగర్భ జలములను కొలిచి నడుపుకొను పథకమొకటి జరిగెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడెను. రైతులును రైతు స్త్రీలును వాన కొలుచు పాత్రలను తామే చూచి వ్రాసిరి. బోరుబావులలో నీటిమట్టమును తామే కొలిచిరి. రబీకి ముందు ఊరందరును కూర్చుండి, ఇంత నీరున్నది, ఇన్ని ఎకరములకు ఈ పైరు వేసిన ఇంత కావలెనని జమాఖర్చు వేసిరి. ఎవ్వరును ఎవ్వరిని శాసింపలేదు. అంకె గోడమీద కనబడుచుండగా, పెక్కుచోట్ల వరి వేయదలచినవారు తక్కువ నీటి పైరులకు తామే మరలిరి. పరుల ఉపదేశము కంటె స్వంత లెక్క బలమైనదని ఇందువలన తేలుచున్నది.

కావున మన ప్రాథమిక సంఘములు ఈ పనికి పూనుకొనవలెనని కోరుచున్నాము. పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక్క పుస్తకము చాలును. అందు ప్రతి సభ్యుని పేర, పైరు పైరునకు, మోటారు నడచిన గంటలు, వేసిన ఎరువు బస్తాలు, ట్రాక్టరునకు కాల్చిన డీజిలు, కాటాకు వచ్చిన ధాన్యము వ్రాయవలెను. క్వింటాలు ఒక్కింటికి ఎంత పడినదో తేల్చవలెను. ఊరి మొత్తము గూడ తేల్చవలెను. ఊరిలో నాలుగు బావుల నీటిమట్టమును నెలకొకమారు కొలిచి సంఘపు గోడమీద వ్రాయవలెను. ఊరికొకరైనను పోచారపు భవనము వలె మడిని రెండుగా పంచి, ఆరగట్టుటవలన దిగుబడి తగ్గునో తగ్గదో తూచి చూడవలెను. మూడేండ్లు ఇట్లు వ్రాసినచో, గడపకు వచ్చినవానితో బేరమాడుటకు మన చేత ఆధార ముండును. ఎవ్వరును రాకపోయినను, మన బావి ఎటు పోవుచున్నదో మనకు తెలిసియుండును.

దీనికొక ఆక్షేపణ వినబడుచున్నది. 2004లో నాటి ఆంధ్రప్రదేశమున రైతులకు ఉచిత విద్యుత్తు మొదలైనది. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా యారంభమైనది. మోటారు గంటలు వ్రాసిపెట్టినచో, రేపు వానిని చూపియే మీటర్లు బిగించి రుసుము అడుగుదురు గదా యని కొందరి భయము. ఈ భయమును మేము తేలికగా త్రోసివేయము. కావుననే ఆ పుస్తకము సంఘపు సొత్తు కావలెననియు, మహాసభ అనుమతి లేక బయటికి పోరాదనియు ముందే తీర్మానింపవలెను. కాని లెక్క లేకపోవుట రక్షణ యనుకొనుట పొరపాటు. మనము వ్రాయనిచో, ఊరి పంపుసెట్లన్నియు ఇంత వాడినవని వేరెవరో అంచనా కట్టుదురు. పరుల అంచనాకు బదులు చెప్పుటకు మన అంకె కావలెను. ఊహ మీద వేసిన నిందకు ఊహతో బదులు చెప్పలేము.

1995లో మాంచెస్టరు నగరమున అంతర్జాతీయ సహకార సమాఖ్య అంగీకరించిన సూత్రములలో ఏడవది, సంఘములు తమ సభ్యులు ఆమోదించిన విధానములతో తమ ప్రాంతపు నిలుకడైన అభివృద్ధికి పాటుపడవలెనని చెప్పుచున్నది. సభ్యులు ఆమోదించిన విధానములతో, అను మాటలు మరువరాదు. హైటెక్ సిటీ వారికి కొలత చట్టము వలన వచ్చినది. మనకు అది మన తీర్మానము వలన రావలెను. రాబోవు మహాసభ కార్యక్రమములో ఈ పుస్తకము విషయమును చేర్చవలసినదిగా సంఘముల కార్యదర్శులకు మనవి చేయుచున్నాము. వరినాట్లకు ముందే మొదటి పుట వ్రాయబడవలెను. కోతల పిమ్మట వ్రాయబూనినచో మరల ఒక యేడు గడచిపోవును.